మినిట్స్‌లో లేనివి

ఆ పదవి పేరు పలకడానికి ఒక ఊపిరి చాలదు:
పడమటి ప్రాంతాల, గ్రామీణ రహదారుల, కరువు సన్నద్ధతా శాఖల మంత్రి.
మేం "పడమర" అంటాం, అంతే.
"గురువారం పడమర వస్తోందట"
పెట్రోలు బంకులో హాడ్రిక్ చెప్పాడు,
వాన కబురు చెప్పినట్టు,
తనే నమ్మకుండా.

కుల్బరా కౌన్సిల్లో మినిట్స్ రాయడం నా పని.
సిడ్నీ నుంచి తొమ్మిదివందల కిలోమీటర్లు.
ఆరేళ్లలో నలుగురు పడమరలు మారారు.
మొదటాయన ఇల్లు సముద్రం ఒడ్డున.
రెండో ఆయన మా ఊరి పేరుని రెండు రకాలుగా పలికాడు,
రెండూ తప్పే.
మూడో ఆయన రాలేదు, ఉత్తరం వచ్చింది;
మా నది పేరు ఉండాల్సిన చోట
ఇంకెవరి నదో ఉంది.

నాలుగో ఆవిడ ఈవిడ, రోవీనా టాలిస్.
చిన్న విమానం దిగింది.
కొత్త బూట్ల మడమ మీద
ధర చీటీ ఊడదీసిన జిగురు.
అంతకుముందే రన్‌వే మీది కంగారూలని తోలడానికి
మెకానిక్ డెస్ తన యూట్ వేసుకుని
ఆ చివరిదాకా వెళ్లొచ్చాడు.
అది మినిట్స్‌లో లేదు.

ముప్పై కుర్చీలు వేశాను, నలభై ముగ్గురొచ్చారు.
వంతెన అడిగారు. డాక్టర్ని అడిగారు.
రాసుకుంటాం, డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడతాం, అంది.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని
మా అమ్మమ్మ అనేది;
ఇక్కడి పూజారి ఏ అంతస్తులో కూర్చుంటాడో కూడా
మాకు తెలీదు.

మంత్రి ముందు సీసా నీళ్లు పెట్టాలని
సెక్రటరీ మెయిల్ పెట్టాడు. పెట్టాను.
వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి
రెండువందల కిలోమీటర్లు వెళ్లొచ్చే ఆంటీ నోరీన్
ముందు వరసలోంచి లేచింది.
చేతిసంచి కుర్చీలో పెట్టి
వంటగదిలోకి వెళ్లింది.
కుళాయి దగ్గడం అందరికీ వినబడింది.
ఒక గాజు గ్లాసు తెచ్చి
సీసా పక్కన పెట్టింది.
పలచటి టీ రంగు.
ఏమీ అనకుండా వచ్చి కూర్చుంది.

సెక్రటరీ గ్లాసు తీయబోయాడు.
"ఉండనీ" అంది మంత్రి.
ఫ్యాను నాలుగు చుట్లు తిరిగింది,
ఐదో చుట్టులో ఎప్పట్లాగే కిర్రుమంది.
తాగుతుందని డెస్, తాగదని హాడ్రిక్
కళ్లతోనే పందెం కాసుకున్నారు.

తాగలేదు.
పారబోయనూ లేదు.
వెళ్లేటప్పుడు గ్లాసు చేత్తో పట్టుకుని,
పైన అరచెయ్యి మూతపెట్టి,
పక్కింటికి పులుసు పట్టుకెళ్లే మనిషిలా
తొణక్కుండా నడిచి
విమానం మెట్లెక్కింది.

ఆ రాత్రి పబ్బులో మొదటిసారి
ఎవరూ ఆవిణ్ణి తిట్టలేదు.
నేను స్టోర్ రిజిస్టర్లో రాశాను:
గ్లాసులు ఇరవై మూడు.

పదకొండో రోజున మంత్రివర్గం మారింది.
పడమరకి కొత్త మనిషిని వెయ్యలేదు,
పదవినే తీసేశారు.
వ్యవసాయంలో విలీనం, అంది ప్రెస్ నోట్.
మా తెలుగులో ఎవరైనా పోతే
కాలం చేశారంటారు,
ఏం చేశారో ఎవరూ అడగరు.
సూర్యుడు మాత్రం రోజూ సాయంత్రం
మా వైపే దిగుతున్నాడు,
సంతకం పెట్టి తీసుకునే మనిషి లేకపోయినా.

జూన్‌లో ఒక పార్సెల్ వచ్చింది.
సిడ్నీ పేపర్లో చుట్టి, మా గ్లాసు.
ఉత్తరం లేదు. లోపల చెయ్యిపెట్టి వెతికాను.
కడిగి, తుడిచి పంపారు;
అంచు మీద వేలిముద్ర కూడా లేదు.

రిజిస్టర్లో ఇరవై మూడు కొట్టేసి
ఇరవై నాలుగు రాస్తుంటే
వ్యాను కోసం కాచుకున్న నోరీన్
కౌంటర్ మీదుగా వంగి చూసింది.
గ్లాసుని వెలుతురుకెత్తి
ఇటు తిప్పింది, అటు తిప్పింది.
"కడిగిందా?"
"కడిగింది."
"ఏ నీళ్లతో?"

బయట వ్యాను హారన్ కొట్టింది.
గ్లాసు నా చేతిలో పెట్టి
సంచి సర్దుకుని వెళ్లింది.